లెమ్కో వలసవర్తకుని జీవితము, అతని భాషారక్షణము

జనసముదాయములకు పేళ్లు దేశమునుబట్టియో, మూలపురుషునిబట్టియో, వృత్తినిబట్టియో యేర్పడుట లోకమున సామాన్యము. ఒక యవ్యయమునుబట్టి జాతికి పేరు గలుగుట మిక్కిలి యరుదు. మధ్యయూరపున కార్పాతీయపర్వతముల సానువులందు శతాబ్దములుగా నివసించిన లెమ్కోల పేరట్టిది. 'లెమ్' అనగా వారి భాషలో 'కేవలము', 'మాత్రము' అని యర్థము. సంస్కృతమున 'ఏవ' శబ్దము చేయు పనిని, తెలుగున 'మాత్రమే' యనునది చేయు పనిని అక్కడ 'లెమ్' చేయును. తూర్పుననున్న సజాతీయు లీ యర్థమున వేఱుమాటలు వాడుదురు. కావున మాటకుమాటకు 'లెమ్', 'లెమ్' అను నీ కొండవారిని ఇరుగుపొరుగువారు పరిహాసముగా 'లెమ్కో'లనిరి. వారుమాత్రము తమ్ము రూసినులనియు, రుస్నాకులనియు చెప్పుకొనెడివారు. పొరుగువాడు పెట్టిన యీ పరిహాసనామము 19వ శతాబ్దమున పండితుల గ్రంథములందెక్కి, 20వ శతాబ్దమున ఆ జనులచేతనే గౌరవనామముగా స్వీకరింపబడినది.

ఈ స్వీకారము ఒక్క పండితసభలలోనే జరిగినది కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో బొగ్గుగనుల యూళ్లయందును, మిల్లుల ప్రక్కవీథులయందును కూలిచేసియు, కొట్టు పెట్టుకొనియు బ్రతికిన వలసవారి నడుమ నది చాలవఱకు బలపడినది. ఆ వలసవర్తకుని జీవిత మెట్టిది, తన మాటకై యతడు చేసినదేమి, చేయలేకపోయినదేమి యనునది యిచ్చట విచార్యము. చెప్పబోవునది యొక్కని చరిత్రము గాదు. సుమారు 1880 మొదలు 1924 వఱకు సముద్రము దాటిన యొక తరమువారి బ్రతుకు. 'వర్తకుడు' అనుట జాత్యేకవచనమని గ్రహింపవలయును.

లెమ్కోల సీమ పశ్చిమమున పొప్రాద్ నదీప్రాంతమునుండి తూర్పున ఒస్లావా నదివఱకు, నేటి పోలండుదేశపు దక్షిణపుటంచున సన్నని పట్టెవలె వ్యాపించియుండెను. అప్పుడది ఆస్ట్రియా సామ్రాజ్యమున గలీషియా యను మండలములోనిది. కొండలు మిక్కిలి యెత్తైనవి కావు. నేలమాత్రము చవిటిపఱ్ఱకంటె కొంచెము మేలు. ఓట్లను ధాన్యము, బంగాళాదుంప, గొఱ్ఱెల మంద, అడవి: ఇవియే యాధారము. 1848లో వెట్టి రద్దయినపిమ్మట భూమి రైతు చేతికి వచ్చెనుగాని, తండ్రి చేను కొడుకులు పంచుకొనుటచే కయ్యలు సన్నగిలినవి. నివాసమును, పశువులకొట్టమును, ధాన్యపుకొట్టమును ఒకే పొడుగుపాటి కప్పుక్రింద నుండెడి కొయ్యయింటిని 'హీఝ' అందురు. కోతల కాలమున జనులు కొండలు దాటి హంగరీ మైదానములకు కూలికి పోయెడివారు. వలసపోవుట వారికి అమెరికాతో మొదలైనది కాదు.

ఆ సీమలో చేతిపనులకును, వర్తకమునకును పేరుపడిన గ్రామములు కొన్ని గలవు. బార్త్నె యను నూరివారు రాతిపనివారు. దగ్గఱి కొండరాతితో తిరగలిరాళ్లను, ఊరి పొలిమేరలయందును బాటలప్రక్కను నిలుపు శిలువలను చెక్కెడివారు. నొవిత్సా యను నూరిలో కొయ్యగరిటెలు చెక్కుట యింటింటి పని. అందే 1909లో బొహ్దాన్ ఇహోర్ అంతోనిచ్ అను కవి పుట్టెను; ఆయన కవిత్వమంతయు ఉక్రెయినుభాషలో వ్రాసినను, చిన్ననాటి యా కొండలను విడువలేదు. అన్నిటికంటె విచిత్రమైనది లోస్య గ్రామపువారి వర్తకము. వారు కందెన యమ్మెడివారు.

కందెన యనగా బండియిరుసునకు రాచు జిడ్డు. తెలుగుదేశమున రైతునకు దీనిని వివరింప బనిలేదు. లోస్య గ్రామమునకు చేరువను పాఱు యేటికి రోపా యని పేరు. పోలిష్ భాషలో ఆ మాటకు ముడిచమురని యర్థము. ఆ ప్రాంతమున చమురు నేలనుండి దానంతటదియే ఊరుచుండెను. 1854లో గోర్లిత్సె పట్టణమున ఇగ్నాత్సి లుకాషెవిచ్ అను మందులవాడు కిరసనాయిలుదీపమును వీథిలో వెలిగించినదియు నీ సీమలోనే. చమురును, చెట్లనుండి తీసిన తారును కలిపి కాచిన కందెనను లోస్యవారు పీపాలలో నింపి, ప్రత్యేకముగా కట్టించుకొన్న బండ్లపై నెక్కించి, వసంతమున నూరు విడిచి, దక్షిణమున హంగరీవఱకును, ఉత్తరమున లిథువేనియా, లాత్వియా సీమలవఱకును పోయి యమ్మి, పండుగలనాటికి మరలివచ్చెడివారు. పోయిన ప్రతిదేశమున అక్కడిభాష నేర్చుట వారికి బేరముకొఱకు తప్పదు. ఇంటికి వచ్చినతోడనే తమ మాట మాటాడుట వ్రతము. ఇతర గ్రామములకంటె వారి యిండ్లు పెద్దవి, వారి కోవెల శృంగారమైనది. అన్యభాషను సంతలో వాడి స్వభాషను గడపలోపల నిలుపుకొనుట యను నేర్పు అమెరికాకు పోయిన లెమ్కోకు క్రొత్తగా రాలేదు. ఈ కందెనబండ్లవారి నడవడియే సముద్రము దాటినదని చెప్పినను తప్పులేదు.

అమెరికా వలస 1870వ దశకమున సన్నగా నారంభమై 1880 తరువాత పొంగెను. రైలుబండిలో హాంబర్గు, బ్రెమెన్ రేవులకు పోయి ఓడయెక్కుదురు. 1892నుండి న్యూయార్కుకడ ఎల్లిస్ ద్వీపమున దిగి పరీక్షకు నిలుతురు. అచటి గుమాస్తా జాతి యేమని యడుగును. రాజ్యము ఆస్ట్రియా, మండలము గలీషియా, పొరుగువారు పోలులు, తాము రుస్నాకులు, ఏది చెప్పవలెను? 1899నుండి ఆ కార్యాలయపు జాతుల పట్టికలో 'రుథేనియను' అనుదాని ప్రక్క 'రుస్నాకు' అను మాటయు నుండెను గాని, చాలమంది ఆస్ట్రియనులుగనో, పోలులుగనో, రష్యనులుగనో వ్రాయబడిరి. పేరులేనివారుగా కొండదిగినవారు తప్పుపేళ్లతో దేశము జొచ్చిరి. వంశవృక్షములు వెదకు మనుమలకు నేటికిని యీ పట్టికలే చిక్కు తెచ్చుచున్నవి.

మొదట వారు చేరినది పెన్సిల్వేనియారాష్ట్రపు గట్టిబొగ్గుగనులకు. ఆ రాష్ట్రమున షెనాండోవా యను గనుల యూరికి 1884లో ఇవాన్ వొలాన్‌స్కీ యను గురువు వచ్చి, రోముపీఠమును అంగీకరించియు తూర్పుసంప్రదాయపు పూజావిధిని విడువని గ్రీకుకాథలికులకు అమెరికాలో మొదటి సంఘమును నెలకొలిపెను. పిమ్మట న్యూయార్కు నానుకొనియున్న యాంకర్సు పట్టణపు తివాచీమిల్లులకును, కనెక్టికట్‌రాష్ట్రమున ఆన్సోనియా లోహపుమిల్లులకును, న్యూజెర్సీలోని పస్సేయికుకును, క్లీవ్‌లండు ఉక్కుపనులకును వ్యాపించిరి. కనడాకు పోయినవారును గలరు. వచ్చినవారిలో పెక్కుర సంకల్పము నాలుగేండ్లు పనిచేసి, రొక్కము కూర్చుకొని, ఊరికిపోయి నాలుగెకరములు కొనుటయే. కొందఱు పోయిరి, కొన్నిరి. కొందఱు పోయి మరల వచ్చిరి. తక్కినవారు రేపు, మాపు అనుచు నిలిచిపోయిరి.

గనిలో పది పదునైదేండ్లు దిగి, ఊపిరిలో బొగ్గుధూళి నిండినవాడు కూడబెట్టినదానితో వీథిమూల గదియొకటి తీసికొని పచారుకొట్టు పెట్టును. లేదా మాంసపుకొట్టు, సారాకొట్టు పెట్టును. ఇట్లు కూలివాడు వర్తకుడగును. ఆ కొట్టు సరకులమ్ము చోటుమాత్రమే కాదు. జీతము పక్షమునకో నెలకో వచ్చు గనికూలీలకు అరువు ఖాతా అక్కడనే. వ్రాతరాని వారికి ఊరి యుత్తరము చదివిపెట్టువాడును, జాబు వ్రాసిపెట్టువాడును కొట్టువాడే. ఓడటిక్కెట్లు అమ్మి, యింటికి డబ్బు పంపించి, క్రొత్తగా వచ్చిన మేనల్లునికి బసయు పనియు చూపువాడును తఱచుగా నతడే. సమ్మె వచ్చినపుడు అరువు పెంచుటయో, కొట్టు మూయుటయో తేల్చుకొనవలసినవాడును అతడే. వాని ఖాతాపుస్తకమున పద్దులు కొన్ని సిరిల్ లిపిలోను, కొన్ని రోమను లిపిలోను, సరకుల పేళ్లు ఇంగ్లీషులోను ఉండుట సహజము.

ఆ యంగడిలో పుట్టిన మాటలు వ్యాకరణవేత్తలకు వినోదకరములు. ఇంగ్లీషున 'మైన్' అనగా గని. లెమ్కో దానిని 'మైన' యని ఆకారాంతముచేసి స్త్రీలింగమున చేర్చి అన్నివిభక్తులు చెప్పెను. 'స్టోర్' అను హలంతము 'ష్తోర్' అయి పుంలింగమున చేరినది. తెలుగువాడు అదే మాటను ఉకారాంతముచేసి 'స్టోరు' అని, దానిపై 'న', 'లో', 'కు' చేర్చుకొనుట దీనితో పోల్చదగును. అన్యదేశ్యమును తన ప్రత్యయములకు లొంగదీసికొన్నంతకాలము భాష ప్రాణముతో నున్నట్లే. మాటలు వచ్చినవని యేడ్వ బనిలేదు. ప్రత్యయములు పోయిననాడు చింతింపవలెను.

నీ భాషయేదని యడిగిన ఆ వర్తకుడు చెప్పు సమాధానము 'పొ నషొము' అని, అనగా 'మా తీరున' అని. ఈ యుత్తరమునుగూర్చి పండితులు చాలకాలము కలహించిరి. ఇది ఉక్రెయినుభాషకు పడమటి మాండలికమని యొకపక్షము. అఖిలరష్యాభాషలో నొక శాఖయని యొకపక్షము. ప్రత్యేకమైన రూసినుభాషయని మఱియొకపక్షము. వలసవారి పరస్పరసహాయసంఘములును ఈ పక్షములవెంటనే చీలినవి: 1892లో గ్రీకుకాథలికుల సంఘము, 1894లో తరువాత ఉక్రెయినుపేరు తాల్చిన సంఘము, 1900లో రష్యాపక్షపు సోదరసంఘము. గనిలో చనిపోయినవాని భార్యకు భృతి యిచ్చుటకై పుట్టిన సంఘములవి. అందు చందా కట్టువాడు తన జాతియేదో కూడ నిర్ణయించుకొనవలసివచ్చెను. ఒక తల్లికి పుట్టిన యన్నదమ్ములలో నొకడు రష్యనుగను, ఒకడు ఉక్రెయినువాడుగను, ఒకడు రూసినుగను పాతిపెట్టబడుట అచటి శ్మశానములలో వింతకాదు.

పక్షములెట్లున్నను ఆ భాషకు కొన్ని లక్షణములు స్పష్టముగా గలవు. 1902లో ఇవాన్ వెర్ఖ్రాత్‌స్కీ యను పండితుడు గలీషియా లెమ్కోల మాటపై ప్రత్యేకగ్రంథము ప్రకటించెను. సంస్కృతము చదివినవారికి ముందుగా కనబడునది భూతకాలక్రియ. 'చేసితిని' అనుటకు పురుషుడు 'రొబిల్ యెమ్' అనును. స్త్రీ 'రొబిల యెమ్' అనును. 'రొబిల్' అనునది కృదంతము, లింగమునుబట్టి మాఱును. 'యెమ్' అనునది ఉత్తమపురుషైకవచనపు సహాయక్రియ. సంస్కృతమున 'అస్మి' యెట్టిదో యదియు నట్టిదే, మూలమునను దానికి జ్ఞాతియే. కావున 'కృతవానస్మి', 'కృతవత్యస్మి' యనువాని కవి సరియైన ప్రతిరూపములు. తెలుగున 'చేసినవాడను', 'చేసినదానను' అనునవియు నీ మార్గముననే యున్నవి. రష్యనుభాషలో నీ సహాయక్రియ లోపించినందున 'నేను' అను సర్వనామము లేక పురుషభేదము తెలియదు. లెమ్కో మాత్రము పాతసొత్తును దాచుకొన్నాడు. స్త్రీలింగమున తృతీయైకవచనము 'ఒమ్' అని ముగియుటయు, పొరుగున ఉక్రెయినుభాష విడిచిన యొక వెనుకటి అచ్చును నిలుపుకొనుటయు నిట్టివే.

అన్నిటికంటె ముఖ్యమైనది స్వరము, అనగా పదమున ఊనికపడు స్థానము. తూర్పుస్లావుభాషలలో ఊనిక యేయక్షరముపై పడునో నిఘంటువు చూడనిది తెలియదు. వైదికస్వరమువలె ప్రాతిపదికమునుబట్టియు, విభక్తినిబట్టియు స్థానము మాఱును. చేయి యను నర్థముగల 'రుక' శబ్దమునకు ఉక్రెయినుభాషలో ఏకవచనమున తుదియచ్చుపై ఊనిక. బహువచనమున 'రుకి' యనునపుడు మొదటి యచ్చుపై. లెమ్కోకు ఇంత శ్రమ లేదు. ఎట్టి పదమైనను తుదినుండి రెండవ యచ్చుపై, అనగా ఉపాంత్యమున, ఊనిక. 'రుక' యన్నపుడు 'రు'పై, 'రుకమి' యన్నపుడు 'క'పై. ప్రత్యయము చేరినకొలది స్వరము ముందునకు జరుగును. ఈ నియమము పోలిష్‌భాషలోను, తూర్పు స్లొవేకియా మాటలలోను గలదు. అది వారి సాంగత్యముననే కలిగినదని పెక్కురి మతము. ఎట్లు కలిగినను, కొండకు తూర్పుననుండి వచ్చినవాడు లెమ్కోను చీకటిలో గుర్తించునది ఈ స్వరముచేతనే. అయితే దానికి వ్రాతలో గుర్తులేదు. సిరిల్ లిపిలో వ్రాసిన లెమ్కోవాక్యమును కీవ్‌వాడు తన స్వరముతో చదివిన నందు లెమ్కోతనము సగము పోవును. చెవినుండి చెవికే సాగవలసిన సొత్తు ఇది.

ఇచ్చటనే వలసవర్తకుడు, తాను తలచియో తలపకయో, భాషాశాస్త్రమునకు గొప్ప యుపకారము చేసెను. 1920వ దశకమున అమెరికా గ్రామఫోను కంపెనీలు వలసవారి భాషలలో ప్లేట్లు వేయుట లాభమని కనుగొన్నవి. 1926లో పావ్లొ హుమెనియుక్ అను ఫిడేలుకాడు ఉక్రెయినువారి పెండ్లితంతును కొలంబియా కంపెనీకి వాయింపగా ఆ ప్లేట్లు లక్షకుపైగా చెల్లినవని చెప్పుదురు. ఆ వెంటనే, 1928 ప్రాంతమున, స్టెఫాన్ ష్కింబా యను లెమ్కో ఫిడేలుకాడును ఆయన మేళమును ఓకే యను కంపెనీకి న్యూయార్కున 'లెమ్కోపెండ్లి'ని పాడి వాయించిరి. ఊరిలో దినములకొలది జరుగు పెండ్లిని ప్రక్కకు మూడు నాలుగు నిమిషములు మించని ప్లేటులోనికి కుదించుట సులభముగాదు. పెండ్లికూతును సాగనంపుట, ముసుగుమార్పు, ఆట, నడుమ పెద్దల హాస్యపుమాటలు: ఇట్లు ముక్కలు ముక్కలుగా తీసిరి. పాటలో ఊనిక తాళమునకు లోబడును గనుక స్వరవిచారమునకు పాట నమ్మదగిన సాక్షి కాదు. నడుమనున్న మాటలే సాక్షి. అందు ఉపాంత్యస్వరము, వక్తల గ్రామపు యాస యెట్టి సంస్కారమును లేక వినబడుచున్నవి. ఏ విశ్వవిద్యాలయమును వ్యయముచేయని కాలమున నా ధ్వనిని మైనముపై గీయించినది కూలివాడును, చిల్లరవర్తకుడును చెల్లించిన వెల. ప్లేట్లను కొని వాయించినది అతని యింట, అతని సారాకొట్టున. భాషారక్షణమని యెవరును పేరుపెట్టలేదు. ఊరి పెండ్లి వినవలెనని కోరిక, అంతే.

అచ్చుపని దీనికి తోడయ్యెను. 1922లో విక్టర్ హ్లాదిక్ న్యూయార్కున 'లెమ్కో' యను పత్రికను నడపెను. కొలది యేండ్లకు దిమిత్రొ విస్లోత్‌స్కీ (1888-1968) అదేపేరుతో మఱియొక పత్రికను ఆరంభించెను. ఆయన మొదటి మహాయుద్ధమున ఆస్ట్రియా ప్రభుత్వము రష్యాపక్షపాతులని నిర్బంధించిన లెమ్కోలలో నొకడు. ఆ యుద్ధమున వేలకొలది లెమ్కోలు గ్రాజ్ నగరము చెంత తాలెర్‌హోఫ్ శిబిరమున 1914 మొదలు 1917 వఱకు చెఱపడిరి. విస్లోత్‌స్కీ 'వాన్య హున్యాంక' యను మాఱుపేరుతో, ఊరిమాటలోనే, నీతియు నెత్తిపొడుపును కలిపి వ్రాసెను. 'హున్య' యనగా కొండవారు తొడుగు ఉన్ని పైయంగీ. మాఱుపేరే తెలిపినట్లు గ్రాంథికముతో ఆయన కంతగా పనిలేదు. 1929లో కనడాదేశపు విన్నిపెగున మొదలై, 1931లో సంయుక్తరాష్ట్రములకు వ్యాపించిన లెమ్కోసంఘమునకు ఆ పత్రికయే నోరు. ఏటేట పంచాంగమును ప్రకటించిరి, నాటకములాడిరి. 1930వ దశకపు చివర యాంకర్సున పెద్ద భవనము కట్టించిరి. ఆ పత్రిక రాజకీయములందు ఎడమపక్షపు వీరావేశము మెండు. సోవియట్ ప్రభుత్వమును పొగడిన పొగడ్తలలో చాలభాగము తరువాతి చరిత్రమునకు నిలువలేదు. అయినను అందు చదువరులు వ్రాసిన జాబులు, తమ యూరి పేళ్లు, పొలముల పేళ్లు, పాతకథలు కాలము గడిచినకొలది విలువ పెంచుకొన్నవి.

అదే కాలమున స్వదేశమున మెతొదీ త్రొఖనోవ్‌స్కీ యను నుపాధ్యాయుడు లెమ్కోపిల్లలకై వర్ణమాలపుస్తకమును 1935లోను, రెండవ వాచకమును 1936లోను ప్రకటించెను. పోలండుప్రభుత్వము కొన్నియేండ్లు వానిని పాఠశాలలలో నంగీకరించి, ఆ దశకము ముగియకమునుపే విరమించుకొన్నది. బడిపంతులు వ్రాసిన ఆ రెండు చిన్నపుస్తకములే ఈ భాషకు చాలకాలము ప్రమాణములు.

తరువాత వచ్చినది గండము. రెండవ మహాయుద్ధము ముగియుచుండగా 1944 మొదలు 1946 వఱకు పోలండు, సోవియట్ ప్రభుత్వముల యొడంబడికపై లెమ్కోలలో నధికభాగము సోవియట్ ఉక్రెయినునకు తరలింపబడిరి. మిగిలినవారిపై 1947 ఏప్రిలు 28న 'విస్తులా' యను సైనికచర్య యారంభమైనది. సాయుధమైన ఉక్రెయిను తిరుగుబాటుదళముల కాధారము లేకుండ చేయుట కారణముగా చెప్పి, ఆగ్నేయపోలండునుండి మొత్తము సుమారు 1,40,000 మందిని, వారిలో సుమారు 30,000 మంది లెమ్కోలను, జర్మనులు విడిచిపోయిన పడమటి, ఉత్తరపు సీమలకు బండ్లలో నెక్కించి పంపిరి. ఒక్కచోట గుంపుగా నుండనీయక, ఊరికి కొలది కుటుంబములచొప్పున చెదరగొట్టిరి. త్రొఖనోవ్‌స్కీ 1948లో మరణించెను. కందెనవర్తకుల లోస్య, రాతిపనివారి బార్త్నె, గరిటెల నొవిత్సా, అన్నియు ఖాళీయైనవి. కొన్ని యూళ్లయందు పోలులు నెలకొనిరి. రదోత్సినా, నెజ్నాయొవా వంటివి మఱి లేవలేదు.

ఈ వార్త యాంకర్సు వర్తకునకు తెలిసినవిధము యుత్తరములు తిరిగివచ్చుట. చిరునామా యున్నది, ఆ పేరు గలవాడు ఆ యూర లేడు. అరువదియేండ్లు డబ్బుపంపిన యూరు, మరలిపోవుదమని తలచిన యూరు, తాను గాక తన పొరుగువాడైన నచట నున్నాడని నమ్మిన యూరు, లేకపోయినది. అంతవఱకు అతడు భాషకు కొమ్మ; ఊరు మొదలు. 1947 తరువాత మొదలు నఱకబడి కొమ్మ గాలిలో నిలిచినది. పడమటి పోలండున చెదరినవారు బయట లెమ్కో మాటాడుటకు జంకిరి. పిల్లలు బడిలో పరిహాసము పడకుండుటకై పోలిష్ మాటాడిరి. కొన్నియేండ్లపాటు ఆ భాష బహిరంగముగా, వేదికపై, అచ్చులో వినబడిన చోట్లు మిక్కిలి కొలదిగా నుండెను. వానిలో న్యూయార్కుప్రాంతపు సంఘభవన మొకటి. అక్కడివారు సహాయసంఘము పెట్టి మూటలు, మందులు, రొక్కము పంపిరి; వారితో సమానముగా పుస్తకములును కోరి తెప్పించుకొనిరి.

వర్తకుడు చేయలేకపోయినది యొకటి గలదు. అది పిల్లలకు భాష నిచ్చుట. 1924నాటి చట్టము వలసను మిక్కిలి కుదించినందున ఊరినుండి క్రొత్తనోళ్లు రాలేదు. కొడుకు ఇంగ్లీషుబడిలో చదివి, కొట్టు కాక ఉద్యోగము కోరెను. తండ్రి లెమ్కోలో నడుగును, కొడుకు ఇంగ్లీషులో బదులు చెప్పును. మనుమనికి మిగిలినవి క్రిస్మసుముందటి రాత్రి పండ్రెండు వంటకముల పేళ్లును, పాట పల్లవియు. ప్రత్యయములు మొదట పోయినవి, తరువాత మాటలు. దీనికి వర్తకుని నిందించుట న్యాయముగాదు. దినమునకు పదునాలుగు గంటలు బల్లవెనుక నిలిచి, వారమునకొకదినము కోవెలకును సంఘమునకును పోవువాడు గురుకులము నడపలేడు. పండితులు నామవివాదమున నున్నందున వానికి వాచకములు వ్రాసియిచ్చినవారు లేరు. ఇచ్చినవారు తమ పక్షపు భాషలో నిచ్చిరి, 'పొ నషొము' ఇచ్చినది కొలదిమంది.

1956 తరువాత పోలండున లెమ్కోలు కొందఱు తమ యూళ్లకు మరలిరి. 1980వ దశకమునుండి 'వాత్ర' యను నెగడుపండుగలు ఆరంభమైనవి. 1990లో పోలండు సెనేటు విస్తులాచర్యను గర్హించెను. 2000లో హెన్రిక్ ఫొంతాన్‌స్కీ, మిరొస్లావా ఖొమియాక్ అను వారలు లెమ్కోభాషావ్యాకరణమును ప్రకటించిరి. 2001నుండి క్రాకవు అధ్యాపకవిశ్వవిద్యాలయమున ఈ భాషలో శిక్షణము మొదలైనది. 2002 జనగణనమున లెమ్కోలమని చెప్పుకొన్నవారు పోలండులో 6,000 కంటె కొంచెము తక్కువ. 2011లో 10,000 దాటిరి. జనులు పెరిగి కాదు, చెప్పుకొనుటకు ధైర్యము పెరిగి. న్యూయార్కు ప్లేట్ల ధ్వనిని నేటి యంత్రములపై మరల ముద్రించినందున కొండయూళ్లలోని యువకులు ముత్తాతల పెండ్లిమాటలను అమెరికానుండి వినుచున్నారు.

జనము లేని యూళ్లలో, మోడువాఱిన పండ్లతోటల నడుమ, బార్త్నెరాతి శిలువలు నేటికిని నిలిచియున్నవి. వానిలో కొన్ని అమెరికాలోనున్నవారు డబ్బుపంపి నిలిపినవి. దాత పేరును, సంవత్సరమును సిరిల్ అక్షరములతో చెక్కబడియున్నవి. వర్ణక్రమము అంతట నొక్కటిగాదు: కొన్నిచోట్ల కోవెలలోని పాతస్లావుభాషారూపము, కొన్నిచోట్ల ఊరిమాట, కొన్నిచోట్ల రెండును ఒకే పంక్తిలో. వానిని గ్రంథపాఠమువలె దిద్దబూనక, చెక్కినవాని నోట పలికినట్లుగా నెత్తివ్రాసి యుంచుట భాషాపరిశోధకులకు మేలు.